మెట్ల గోడకు పన్నెండు ఫోటోలు

జనవరి 4

పొద్దున పాత హార్డ్‌డిస్కును కంప్యూటర్‌కు తగిలిస్తే లోపలి నుంచి టక్, టక్, టక్ అని చప్పుడు. గడియారం ముల్లు ఒకే గీత దగ్గర ఇరుక్కుని కొట్టుకుంటున్నట్టు. మూడుసార్లు పీకి, మూడుసార్లు పెట్టాను. అట్లా చేయకూడదని తర్వాత తెలిసింది. లోపల చదివే ముల్లు దెబ్బతిన్నప్పుడు, కరెంటిచ్చిన ప్రతిసారీ అది డేటా దాచిన పళ్లేన్ని గీరే ప్రమాదం ఉంటుంది.

2017 నుంచి 2020 దాకా తీసిన రా ఫైళ్లన్నీ, అంటే కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచిన అసలు ఫైళ్లన్నీ, అందులోనే. వాటిలో నచ్చినవి ఏరి, సరిచేసి, జేపెగ్‌గా మార్చుకున్నవి మాత్రం ఇంకో డిస్కులో భద్రంగా ఉన్నాయి. కాబట్టి పోయింది పొట్టే గానీ గింజలు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. హైదరాబాద్‌లో డేటా తీసిచ్చే వాళ్లకు ఫోన్ చేస్తే 22 వేల దాకా అవుతుందన్నారు. ఏరి పారేసినవాటికి అంత డబ్బా అనుకుని డిస్కును గల్లాపెట్టె కింది సొరుగులో పడేశాను.

నాకు నల్గొండలో క్లాక్‌టవర్ దగ్గరి సందులో మెడికల్ షాపు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు. ఆ సగం రోజుల్లోనే పదమూడేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. 2013లో కొన్న కెనాన్ 700డి, దానితో వచ్చిన లెన్సు, తర్వాత కొన్న 55-250 జూమ్, ఒక 50 ఎంఎం లెన్సు. ఇంతే నా ఆస్తి.

సాయంత్రం మా పాప అడిగింది, "నాన్నా, నలభై వేల ఫోటోలు తీసినవు గదా. కంప్యూటర్ చూడకుండ ఎన్ని గుర్తున్నయో రాయి చూద్దాం." మందుల కంపెనీ వాళ్లిచ్చిన ప్యాడ్ తీసుకుని కూర్చున్నాను. పద్నాలుగు దాకా గబగబా వచ్చాయి, పెన్ను ఆగింది. అందులో రెండు జతలున్నాయి, జతలో రెండూ ఒకే రోజువి, ఒకే చోటివి. ఒక్కో జతలో ఒకదాన్ని తీసేస్తే పన్నెండు.

షాపు పక్క నుంచే పైన డాక్టరుగారి క్లినిక్‌కు మెట్లు. పేషెంట్లు టోకెన్ తీసుకుని ఆ మెట్లమీదే కూర్చుంటారు. ఎదురుగా సున్నం రాలిన గోడ, దానిమీద పైల్స్ మందు స్టిక్కర్లు. ఆ గోడకు పన్నెండు ఫోటోలు, ఒక్కోదాని కింద నాలుగు ముక్కల్లో దాని కథ. ఇదీ ప్రాజెక్టు. డాక్టరుగారు సరేనన్నారు. "రక్తం బొమ్మలు మాత్రం వద్దు" అన్నారు నవ్వుతూ.

జనవరి 11

టేపు పట్టి కొలిచాను. గోడ పొడవు 22 అడుగులు, మెట్లతో పాటు పైకి ఎక్కుతుంది. ఫోటో సైజు 12 బై 18 అంగుళాలు. నా కెమెరాకు 18 మెగాపిక్సెళ్లు, అంటే 5184 బై 3456 చుక్కలు. 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 288. ల్యాబుల వాళ్లు అడిగేది 300, పెద్ద తేడా ఏమీ కాదు. పైగా కొలత సరిగ్గా సరిపోతుంది, అంచులు కోసే పనిలేదు. ఫోటోను పొడవూ వెడల్పూ సగానికి కత్తిరించి వాడుకున్నచోటే గొడవ. అక్కడ 144కి పడిపోతుంది. అట్లాంటివి రెండున్నాయి. అవి మెట్లకు దూరంగా, పైవరుసలో.

పరీక్షకు మూడు ప్రింట్లు వేయించాను. ల్యాబు కుర్రాడు కవరు చేతికిచ్చాడు, తెరిచి చూస్తే ఒళ్లు మండింది. జాతరలో తీసిన ముసలాయన ముఖం గోధుమ రంగులోకి వచ్చేసింది! ముడతలు మాయం. గుడి లోపలి చీకటి బూడిద రంగైంది. "కరెక్షన్ చేసినం సార్, ఫేసులు డల్లుగున్నయని" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. రోజంతా పెళ్లి ఆల్బమ్‌లు వేసే ల్యాబు అది. అక్కడ నలుపును తెలుపు చేయకపోతేనే తిట్లు. మళ్లీ ఆర్డరిచ్చాను, కాగితం మీద పెద్ద అక్షరాలతో: కరెక్షన్ వద్దు. ముఖం ఎట్లుందో అట్లే రావాలి.

ఈసారి మరీ నల్లగా వచ్చాయి. అది నా తప్పు. కంప్యూటర్ తెర వెలుతురు నిండుగా పెట్టుకుని సరిచేసుకున్నాను, కాగితానికి అంత వెలుగెక్కడిది. తెర వెలుగు సగానికి తగ్గించి, ఒకే ఫోటోను నాలుగు మోతాదుల్లో సన్నటి పట్టీలుగా వేయించి, మెట్లమీద ట్యూబ్‌లైటు కిందే పెట్టి చూశాను. మూడో పట్టీ బాగుంది.

జనవరి 18

పానగల్లు. జాబితాలో రాసుకున్న మొదటి ఫోటో ఇక్కడిదే, ఛాయా సోమేశ్వరాలయంలో నీడ. కథ రాసేముందు ఒకసారి మళ్లీ చూడాలనిపించింది.

ఊరికి ఆనుకునే ఉంటుంది. పక్కన ఉదయసముద్రం చెరువు. కుందూరు చోళుల కాలపు గుడి. మధ్యలో మండపం, దానికి మూడు దిక్కులా మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో లింగం వెనక గోడమీద నిలువునా ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దున పోయినా, మిట్టమధ్యాహ్నం పోయినా అది అక్కడే ఉంటుంది. గర్భగుడి ముందేమో ఆ నీడకు సరిపోయే స్తంభం కనబడదు. చిన్నప్పుడు మా నాయిన తీసుకెళ్లి, "ఏ స్తంభం నీడనో చెప్పు" అని అడిగాడు. నేను ఒక్కో స్తంభం దగ్గరికి పోయి చెయ్యి ఊపడం, నీడ కదలకపోవడం, ఆయన నవ్వడం. అంతే గుర్తు.

2014లో కెమెరా కొత్త. పోయీపోగానే ఫ్లాష్ కొట్టాను. స్క్రీన్ మీద చూస్తే నీడ లేదు! లింగం ఉంది, గోడ ఉంది, మీద పూలున్నాయి. నీడ మాత్రం లేదు. కళ్లెత్తి చూస్తే ఎదురుగా ఉంది. రెండోసారి కొట్టాను, మళ్లీ లేదు. ఒళ్లు జలదరించిందంటే అతిశయం కాదు. పూజారిగారు వెనక నుంచి, "దీపం పెట్టి చీకటి చూస్తవా నాయనా" అన్నారు. సిగ్గుతో ఫ్లాష్ మూసి, కెమెరాను గడప దగ్గరి రాతిమీద ఆనించి, ఊపిరి బిగబట్టి రెండు సెకన్లు తెరిచి ఉంచాను. అప్పుడొచ్చింది.

ఈరోజు పోతే ఆయన లేరు. ఇప్పుడున్న పూజారిగారు కుర్రవాడు. నా ప్రింటు చూసి, "ఇందులో స్వామివారు చిన్నగున్నరు, నీడ పెద్దగుంది. ఉల్టా తియ్యాల్సింది" అన్నారు. ఆయన చెప్పింది సరైనదే, ఆయన వైపు నుంచి.

జనవరి 20

నీడ సంగతి కింద రాయాలంటే ముందు నాకు అర్థం కావాలి. సిరప్ సీసాలొచ్చే అట్టపెట్టె తీసుకుని పాప, నేను కూర్చున్నాం. వెనక తెల్లకాగితం అంటించి, ముందు పక్క అటొకటి ఇటొకటి రెండు పెద్ద కంతలు కోశాం. లోపల స్తంభాలకు బదులు సీసాలు. టార్చిని నేరుగా కంతలోకి కాకుండా బయట తెల్లగోడమీద వేశాం, ఆ వెలుతురు తిరిగి కంతల్లోంచి లోపలికి పోయేట్టు. సీసాలను జరుపుతూ పోతే ఒకచోట రెండింటి నీడలు కలిసి కాగితం మధ్యలో ఒకే నిలువు నీడ పడింది.

టార్చిని ఇటు జరిపినా అటు జరిపినా నీడ కదల్లేదు. పాప గట్టిగా అరిచింది. ఆ నీడకు ఎండతో పనిలేదు. బయట పరుచుకున్న వెలుతురు మండపంలోకి వచ్చే దారులతోనే దాని పని. దారులు రాతివి, కదలవు. కాబట్టి నీడా కదలదు. నేను ఫ్లాష్ కొట్టినప్పుడు ఇంకో కొత్త దారి నుంచి వెలుతురు వేశాను, అది చెరిగిపోయింది. అంత పాతకాలంలో ఇది లెక్కకట్టి కట్టారో, కట్టాక చూసి వాళ్లే ముక్కున వేలేసుకున్నారో అని పాప అడిగింది. అట్టపెట్టె దగ్గర దానికి జవాబు దొరకదు.

జనవరి 25

జాబితాలో లేనివాటి గురించి ఒక మాట. నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తిన రోజు నేనూ పోయాను. కార్లు బారులు తీరి ఉంటే రెండు కిలోమీటర్లు నడిచి, తడిసి, లెన్సు తుడుచుకుంటూ తీశాను. మా ఆవిడకు నా ఫోటోలన్నింటిలో అదే ఇష్టం. "అదొక్కటి పెట్టు, జనం ఆగి చూస్తరు" అంది. ఎదురుగా అంత నీళ్లు దూకుతుంటే ఎవడు తీసినా బాగానే వస్తుంది. నేను తీశాననడానికి అందులో ఏమీ లేదు. దీనిమీద ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ప్రస్తుతానికి రెఫ్రిజిరేటర్ మీద ఆరు బై నాలుగు సైజులో సంధి కుదిరింది.

మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ ఊళ్లలో తీసినవి కూడా లేవు. కాళ్లు వంకరపోయిన మనుషులను బయటి నుంచి వచ్చిన ప్రతి కెమెరా తీసింది. వాళ్లు కూడా అలవాటైపోయి, కెమెరా చూడగానే పంచె పైకి లాగి మోకాళ్లు చూపెట్టేవారు. నేను పోయిన రోజు ఒకాయన అట్లాగే చూపెట్టాడు. కెమెరా సంచిలో పెట్టేసి, షాపు నుంచి తీసుకెళ్లిన నొప్పుల ట్యూబు ఇచ్చి వచ్చాను.

పన్నెండులో ఉండి కూడా ఈరోజు తీసేసింది ఒకటుంది. మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో, ముంబయి పోవడానికి మూటలు కట్టుకుని కూర్చున్న కుటుంబం. గ్యాసు పొయ్యి, బియ్యం సంచి, వాటిమీద నిద్రపోతున్న పిల్ల. మంచి ఫోటో. పిల్ల తల్లి నన్ను చూడలేదు, నేను అడగనూ లేదు. అడిగితే లేచి కొంగు సర్దుకుంటుందని, ఫోటో చెడిపోతుందని. పేషెంట్లు కూర్చునే చోట, వాళ్ల చుట్టాలెవరో గుర్తుపట్టే చోట, అది పెట్టబుద్ధి కాలేదు. దాని బదులు కృష్ణా ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు. పొలాల మధ్య మనిషికి రెండింతల రాళ్లు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. నేను పోయిన రోజు వాటిలో ఒకదానికి మేకను కట్టేశారు. ఆ రాళ్లు ఏమీ అనుకోవు.

ఫిబ్రవరి 1

పుట్టపాక. ఈ ఫోటో మీద నాకు గర్వం. 2016లో తీసింది.

చిటికి చీరంటే నూలును ముడులు కట్టి, రంగు అద్ది నేసేది. ఆ రంగు అద్దకముందు నూలును ఆసు పోయాలి. చెక్క చట్రానికి ఒక వైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. దారాన్ని ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేలసార్లు. తల్లి ఈ పనితో పడే భుజం నొప్పి చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేను పోయిన ఇంట్లో మాత్రం అప్పటికి యంత్రం లేదు. ఆ ఇంటావిడ గోడ వారన కూర్చుని చేత్తోనే పోస్తోంది.

చాలాసేపు వేగంగానే తీశాను, చెయ్యి గాలిలో నిలబడిపోయినట్టు. చూసుకుంటే అవన్నీ చచ్చిన ఫోటోలు. ఏదో తీగ పట్టుకున్నట్టు ఉంది తప్ప ఆ పని కనబడలేదు. తలుపుకు భుజం ఆనించి, సెకనులో ఎనిమిదో వంతుకు తగ్గించాను. అప్పుడు మనిషి నిశ్చలంగా, ముఖం స్పష్టంగా, భుజం దగ్గరి నుంచి చెయ్యి మొత్తం పొగలా కరిగి మేకుల మధ్య విసనకర్ర ఆకారంలో విప్పుకుంది. అరవై సార్లు నొక్కితే ఒక్కసారి కుదిరింది.

ప్రింటు తీసుకుని పోయాను. ఆమె అద్దాలు పెట్టుకుని, కిటికీ దగ్గరికి పోయి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"చెయ్యి ఏది సారు?"

"అదే అక్కా, అదంతా చెయ్యే. తిరుగుతుంటే అట్ల వచ్చింది."

"చెయ్యి లేదు గదా. ఒక్క చెయ్యే ఉన్నట్టుంది నాకు." కోడలిని పిలిచి చూపెట్టింది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక, "ఈ చెయ్యే సారు నన్ను సంపింది. రెండేండ్ల సంది పైకి లేస్తలేదు. గది ఫోటోల కూడ రాలే" అని కుడిభుజం పట్టుకుంది.

ఏమనాలో తోచలేదు. పొలంలో దిష్టిబొమ్మలా నిలబడ్డాను. కాసేపటికి ఆమే, "మంచిగ నిలబెట్టి ఒకటి తియ్యి" అంది. పట్టుచీర కట్టుకుని వచ్చింది. తలుపు ముందు కుర్చీ వేసి, కోడలిని పక్కన నిలబెట్టి, రెండు చేతులూ మోకాళ్లమీద కనబడేట్టు పెట్టుకుని, నవ్వకుండా కూర్చుంది. తీశాను. నీడ నెత్తిమీద అడ్డంగా పడింది, వెనక గ్యాస్ సిలిండర్. ఆమెకు చాలా నచ్చింది.

ఫిబ్రవరి 5

గిరాకీ లేని మధ్యాహ్నం పిల్లలమర్రి కథ రాశాను. నా వృత్తికి దగ్గరి ఫోటో ఇది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏడువందల ఏళ్ల నాటిదంటారు, మూడెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు. 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడితే సందర్శకులను ఆపేశారు. చెద లోపలంతా తినేసింది. బెరడుకు రంధ్రాలు చేసి మందు పోస్తే అది తిరిగి బయటికే కారిపోయిందట. దాంతో 2018లో సెలైన్ ఎక్కించారు. వందల సీసాల్లో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు కలిపిన నీళ్లు, ఒక్కో కొమ్మకు వేలాడదీసి, చుక్కచుక్కగా.

లోపలికి పోనియ్యలేదు. కంచె బయటి నుంచి జూమ్ మొత్తం లాగి తీశాను. కొమ్మ నుంచి సీసా, సీసా నుంచి పైపు, పైపు చివర సూది బెరడులోకి. నేను రోజూ అమ్మే సీసాలే. చుక్కలు మరీ మెల్లగా పడుతున్నాయి, పేషెంటుకైతే నర్సు వచ్చి చక్రం తిప్పేది. ఆరోజు పక్కన నిలబడ్డ ఒక ముసలామె చెట్టుకు దండం పెట్టి, "గ్లూకోజ్ పెట్టిన్రు, లేస్తది" అంది. ఆ మాటే ఫోటో కింద రాశాను, ఇంకేమీ కలపలేదు. డాక్టరుగారు దీన్ని క్లినిక్ తలుపు పక్కనే పెట్టమన్నారు.

ఫిబ్రవరి 15

ఇక ముసలాయన.

2019 ఫిబ్రవరి, సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర. లింగమంతుల స్వామి, చౌడమ్మ. రెండేళ్లకోసారి వస్తుంది. విజయవాడ రోడ్డు మీది బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే నల్గొండ మీదుగా మళ్లిస్తారు. ఆ వారం మా ఊరికీ ట్రాఫిక్ జాతరే. గజ్జెల లాగులు, భేరీలు, ఎటు చూసినా "ఓ లింగా". పొద్దున ఏడింటికి గట్టు కింద, ట్రాక్టర్ ట్రాలీ పక్కన ఒక ముసలాయన గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. పొయ్యి పొగ, మేకల దుమ్ము, పక్క నుంచి ఎండ. భేరీ మోగగానే ఆయన కళ్లు మూసుకుని తల కొంచెం పైకెత్తాడు. ఆ క్షణంలో నొక్కాను. గొంగడి పోగులు ఒక్కొక్కటే వెలుగులో లెక్కపెట్టొచ్చు. నలభై వేలల్లో ఒక్కటి ఉంచుకోమంటే దాన్నే ఉంచుకుంటాను.

పేరడగలేదు. వేరే ఫోటోలో ట్రాలీ మీద ఊరి పేరు సగం కనబడుతోంది. తిప్పర్తి వైపు ఊరేమో అనిపించి, మా షాపులో మందులు తీసుకెళ్లే ఆ వైపు ఆర్‌ఎంపీకి వాట్సాప్‌లో పంపాను. రెండు గంటల్లో జవాబు, "మా పక్కూరే అన్న. ఆయన పోయిండు గదా, మూడేండ్లాయె."

ఈరోజు ఆ ఇంటికి పోయాను. కొడుకు మేకలకు ఆకు కొట్టుకొచ్చి వేస్తున్నాడు. ఇంట్లో గోడకు ఆయన ఫోటో, ప్లాస్టిక్ దండ. ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించారు. ముఖం మసకగా ఉంది, మెడ కింద నుంచి నల్లకోటు, ఎర్ర టై. స్టూడియో వాళ్లు అతికించింది. గొంగడి తప్ప ఇంకోటి కప్పుకోని మనిషికి కోటు.

నా ప్రింటు తీసి చేతికిచ్చాను. కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. నాకు లోపల్లోపల సంతోషంగా ఉంది, ఒప్పుకోవాలి. మెచ్చుకుంటాడని ఎదురుచూస్తున్నాను.

"మా నాయిననే" అన్నాడు. తర్వాత భార్యకు ఇచ్చాడు.

ఆమె చూసి, మెల్లగా, తప్పుగా అనుకుంటానేమోనని భయపడుతూ, "కండ్లు మూసుకున్నడు గద సారు" అంది. "కండ్లు మూసిన ఫోటో గోడకు పెట్టరు. పానం పోయినంక తీసినట్టుంటది. కండ్లు తెరిసింది ఉందా?"

ఉంది. ఆరోజు వరుసగా ఎనిమిదో తొమ్మిదో తీశాను. దీనికి ముందుదో తర్వాతదో, ఆయన కళ్లు తెరిచి నేరుగా నావైపే చూసింది ఉంది. పక్క నుంచి ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చిందని దానికి ఎర్ర గుర్తు పెట్టాను. జేపెగ్ చేయలేదు. అది గల్లాపెట్టె కింది సొరుగులో, టక్ టక్ అనే డిస్కులో ఉంది.

"చూస్త" అన్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

ఫిబ్రవరి 17

డిస్కును పాత టీషర్టులో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, హైదరాబాద్ తీసుకెళ్లి ఇచ్చాను. ఎన్నిసార్లు కరెంటు పెట్టారని అడిగారు. మూడు అన్నాను. రాసుకున్నారు. గ్యారంటీ లేదన్నారు, మూడు వారాలన్నారు. అడ్వాన్స్ కట్టాను. ఇంట్లో ఎంత కట్టానో సగమే చెప్పాను. మా ఆవిడ నా ముఖం చూసి మిగతా సగం తనే చెప్పింది.

మార్చి 8

గోడ పని. సున్నం గీకి, లప్పం పెట్టి, లేత బూడిదరంగు వేయించి వారమైంది. ఫోటోలను సన్‌బోర్డుకు అతికించి, మెరవని లామినేషన్ చేయించాను. మెరిసేదైతే ట్యూబ్‌లైటు అందులోనే కనబడుతుంది. ఫ్రేములకు అద్దం లేదు. మెట్లమీద పిల్లలు ఎగురుతారు.

ఏ ఎత్తున పెట్టాలన్నది తేలలేదు. నిలబడి చూసేవాళ్లకు ఒక ఎత్తు, మెట్టుమీద కూర్చున్న పేషెంటుకు ఒక ఎత్తు. చివరికి మా ఆవిడను ఒక్కో మెట్టు మీద కూర్చోబెట్టి, ఆమె కళ్లకు ఎదురుగా పెన్సిల్ గీత పెట్టుకుంటూ పోయాను. "గిట్ల నన్నెప్పుడన్న ఫోటో తీసినవా" అని నాలుగో మెట్టు దగ్గర అడిగింది. ఏడో మెట్టు దాకా మాట్లాడలేదు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని, డ్రిల్లు పెట్టి, ప్లగ్గులు కొట్టాను. రెండోది వంకర వచ్చింది. రసమట్టం ప్రకారం సరిగ్గానే ఉంది, మెట్ల వాలు పక్కన కంటికి వంకరగా కనబడుతోంది. అట్లే వదిలేశాను.

పదకొండు ఎక్కించాను. పన్నెండో మేకు ఖాళీ.

సాయంత్రం నుంచి జనం మాటలు కింద షాపులోకి వినబడుతున్నాయి. ఛాయా సోమేశ్వరం దగ్గర ఒకాయన తన భార్యకు నీడ సంగతి చెబుతున్నాడు, అంతా తప్పుగా. ఆసు ఫోటో దగ్గర ఒక పిల్లవాడు, "అమ్మా, దయ్యం చెయ్యి." పిల్లలమర్రి ముందు ఎక్కువమంది ఆగుతున్నారు. సీసా బొమ్మ చూసి షాపుకొచ్చి, "చెట్టుకు పెట్టే గ్లూకోజ్ మీ దగ్గర దొరుకుతదా" అని ఒకామె నిజంగానే అడిగింది. మామిడికి చెద పట్టిందట. వ్యవసాయ శాఖ వాళ్లను అడగమని చెప్పి పంపాను.

మార్చి 14

డిస్కు వచ్చింది. అరవై శాతం దాకా తీయగలిగామన్నారు. ఫోల్డర్ల పేర్లన్నీ పోయి, అంకెలు మిగిలాయి. రాత్రి షాపు మూశాక కూర్చుని ఒక్కో ఫైలు తెరుస్తూ పోయాను. రెండున్నరకు జాతర దొరికింది.

కళ్లు తెరిచిన ఫోటో రా ఫైలు తెరుచుకోలేదు. పాడైందంటోంది. కాళ్లు చల్లబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది. రా ఫైలు లోపల కెమెరా తన స్క్రీన్ మీద చూపించడానికి ఒక జేపెగ్ కూడా దాచిపెట్టుకుంటుంది. దాన్ని విడిగా బయటికి లాగే చిన్న ప్రోగ్రామ్ పాపకు తెలుసు. నిద్ర లేపాను. ఫైలు చివర చెడిపోయింది గానీ ముందున్న జేపెగ్ బాగానే ఉంది.

ముసలాయన నేరుగా చూస్తున్నాడు. కళ్లల్లో ఎండ పడి కొంచెం చికిలించాడు. నవ్వు కాదు గానీ, "ఎవడివిరా నువ్వు" అన్నట్టు పెదవి ఒకవైపు లేచింది. ఎడమ పక్క నుంచి ఒక మోచెయ్యి, ముంజేతికి ఇత్తడి కడియం, చేతిలో స్టీలు గ్లాసు. ఫోటోలో పావు వంతు ఆ చెయ్యే. ఆరోజు దీన్ని ఎందుకు పారేశానో ఇప్పటికీ అర్థమవుతుంది. పాప చెయ్యిని చెరిపేయనా అని అడిగింది. ఫోన్లో ఒక నొక్కు నొక్కితే పోతుందట. వద్దన్నాను, ఎందుకో తెలియదు. నిద్ర మత్తు కావచ్చు.

మార్చి 15

రెండు ప్రింట్లు వేయించాను, కరెక్షన్ లేకుండా. ఒకటి వాళ్లకు, ఒకటి పన్నెండో మేకుకు. కళ్లు మూసుకున్నదే గోడకు పెట్టాలని నిన్నటిదాకా అనుకున్నాను. ఇప్పటికీ అదే మంచి ఫోటో అంటాను.

మధ్యాహ్నం ఎండలో తిప్పర్తి రోడ్డు. కోడలు గుమ్మం దగ్గరే అందుకుంది. చూడగానే, "అగో, గిట్లనే చూసేటోడు" అంది. అత్తగారిని పిలిచింది. ముసలామె దగ్గరగా పట్టుకుని, కొంగుతో ఫోటో తుడిచి, మళ్లీ చూసింది. కోటు ఫోటో తీసి పక్కన పెట్టమని ఎవరూ అనలేదు. గోడకు ఇంకో మేకు కొట్టారు.

నేను సర్దిచెప్పబోయాను. "పక్కన ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. కావాలంటే తీయించి ఇస్త."

కొడుకు సుత్తె కింద పెట్టి దగ్గరికొచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అదే ఇత్తడి కడియం.

"గది నేనే సారు. చాయ్ ఇస్తున్న."